దిగేటప్పుడు తెలుస్తుంది

కుట్టుమిషన్ దగ్గర్నుంచి వీధి తలుపు దాకా నడిచి, అక్కడ ఆగకుండా వెనక్కి తిరిగి మళ్లీ మిషన్ దాకా వచ్చింది పిట్ట. గోడ పట్టుకోకుండా రావడం ఆ పూటే మొదలు. ఎడమ పాదం నేల మీద ఆనుతోంది గానీ నేలను నెట్టడం లేదు. ప్రతి అడుగు చివరా వేళ్లు నేలను వెనక్కి తోస్తేనే మనిషి ముందుకు పోతుందన్న సంగతి, వేళ్లు పోయేదాకా ఆమెకు తట్టలేదు. ఇప్పుడు ఆ తోపు నడుము నుంచి రావాల్సి వస్తోంది. రెండు గజాలు నడిస్తే చాలు, నడుం పట్టేస్తోంది.

"ఇంకోసారి తిరుగు," అంది అక్క, మిషన్ మీంచి తల ఎత్తకుండానే. ఆమె ముందు స్కూలు యూనిఫారాల కాలర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఒకటి సూది కిందికి తోసేలోగా రెండోది చేతిలోకి వచ్చేస్తోంది. "బూటులో దూది జరిగిందా?"

"కొంచెం జరిగింది."

"విప్పు, సర్దుతాను. దూదితో ఎన్నాళ్లని. మెత్తటి గుడ్డ కుట్టి పెడతానులే."

బావ డ్యూటీకి వెళ్లబోతూ గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఊళ్లో బస్సు నడుపుతాడు. "మా బస్సు కంటే నువ్వే నయం మరదలా. అది నలుగురు తోస్తే గానీ కదలడం లేదు," అన్నాడు.

"నన్ను తోయకు బావా, కదలను, పడతాను."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. పిట్ట పాదానికి కట్టు విప్పిన రోజు నుంచి ఆ పాదం మాట వస్తే అక్కకు నవ్వు రావడం లేదు.

పిట్ట అన్నది ముద్దుపేరు. ఇంట్లోనూ అదే, కొండబడిలోనూ అదే. పర్వతారోహణ నేర్పే ఆ శిక్షణ కేంద్రానికి పెద్ద పేరేదో ఉంది గానీ, నేర్చుకునేవాళ్లూ నేర్పేవాళ్లూ అందరూ కొండబడి అనే అంటారు. మనిషి పొట్టి. చేతులూ కాళ్లూ చిన్నవి. మిగతావాళ్ల వేలు దూరని సందులో ఈమె రెండు వేళ్లు దూర్చి రాతిగోడ మీద పైకి పోయేది. కింద తాడు పట్టుకున్నవాళ్లు మెడలు నొప్పెట్టేలా చూస్తూ నిలబడేవాళ్లు.

బావ టీ గ్లాసు కింద పెట్టేసి గబుక్కున లేచాడు. గుమ్మంలో వెలుతురు తగ్గింది. ద్వారబంధం తగలకుండా తల వంచి ఒక ఆడమనిషి లోపలికి వచ్చింది.

"పెద్దక్కా!" అంది పిట్ట. లేచి నిలబడబోయి మిషన్ అంచు పట్టుకుంది.

కొండబడికి పెద్ద ఆమే, అక్కడ అందరికీ పెద్దక్క. జుట్టు సగం నెరిసింది. మనిషి మాత్రం నిట్రాటలా ఉంటుంది. ఆడవాళ్లు అటువైపు చూడడానికే జంకే రోజుల్లో మగవాళ్ల జట్టులో ఒక్కత్తే చేరి శిఖరం ఎక్కి వచ్చింది. ఆ మాట ఆమె ఎప్పుడూ చెప్పుకోదు. చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు, అందరికీ తెలుసు కనుక.

"కూర్చో, కూర్చో. నడుస్తున్నావట కదా. చూద్దామని వచ్చాను."

అక్క కుర్చీ మీది బట్టలు తీసి చోటు చేసింది. మర్యాదకు టీ పెట్టింది. మర్యాద అంతవరకే. మళ్లీ వెళ్లి మిషన్ ముందు కూర్చుంది.

పెద్దక్క టీ చల్లారేదాకా కొండబడి కబుర్లు చెప్పింది. తర్వాత అసలు మాటకు వచ్చింది. "కొత్త ఆడపిల్లల బ్యాచ్ మంచు మీదికి బయల్దేరుతోంది. రేపు సామాను ఇస్తున్నాం. ఎల్లుండి లారీ. వెళ్లే ముందు నువ్వొచ్చి వాళ్లతో మాట్లాడితే బాగుంటుంది."

"నేనా? ఏం మాట్లాడను?"

"జరిగింది చెప్పు. చిన్న నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకుపోతుందో మేం చెప్తే వాళ్ల చెవికెక్కదు. నీ నోటితో వింటే ఎక్కుతుంది."

మిషన్ చప్పుడు ఆగింది.

"నిర్లక్ష్యమా?" అంది పిట్ట.

"మరి? పాదాల సంగతి ఎవరిది వాళ్లే చూసుకోవాలి కదా. చలికి తిమ్మిరెక్కినప్పుడే ఆగి వెచ్చబెట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నిన్ను తప్పు పట్టడానికి కాదు అంటున్నది. పైన ఎవరికైనా జరుగుతుంది."

"నా కాలికి ఆ బూట్లు పెద్దవయ్యాయి. వెళ్లేముందు మీకు చెప్పాను కదా పెద్దక్కా. చిన్నవి కావాలని అడిగాను."

పెద్దక్క కనుబొమలు ముడిచి నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. పిట్టకు అన్నిటికంటే ఎక్కువగా తగిలింది అదే. "ఎప్పుడు? నాతో అనలేదు నువ్వు," అంది పెద్దక్క.

పిట్ట ఒంగి బూటు తాళ్లు వదులు చేసింది.

"ఇంకో మాట," అంది పెద్దక్క లేస్తూ. "తాళ్లు, ముళ్లు, వాతావరణం, ఈ పాఠాలు చెప్పేవాళ్లు కావాలి మాకు. గదిలో కూర్చుని చెప్పే పని. ఎక్కక్కర్లేదు. నువ్వు ఊ అంటే ఆ చోటు నీదే. వీళ్లతో మాట్లాడి, ఓ నాలుగు రోజులుండి, ఎలా ఉందో చూసుకో."

ఆమె మళ్లీ తల వంచి గుమ్మం దాటి వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అందుకుంది అక్క.

"నీ కాలు పోగొట్టింది చాలక, పోగొట్టుకుంది నువ్వేనని నీ చేతే చెప్పించడానికి వచ్చిందా ఆవిడ? పైగా టీ కూడా తాగింది!"

"టీ నువ్వే ఇచ్చావు."

"ఇచ్చాను, బుద్ధి లేక. వెళ్తావా?"

పిట్ట బూటు లోంచి దూది లాగి, వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. కొండబడి కిటికీలోంచి కొండ కనబడుతుంది. ఈ గదిలోంచి ఎదురింటి పిట్టగోడ కనబడుతుంది. ఆమె మనసులో తిరుగుతున్నది అంతే. పైకి మాత్రం, "వెళ్తాను," అంది.

"వెళ్లి ఏం చెప్తావ్?"

"తెలీదు."

అక్క మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. పిట్ట పడుకోబోయే ముందు చూస్తే, బూటు పక్కన మెత్తటి ఊలు గుడ్డ పొరలు పొరలుగా కుట్టి, పాదం ముందుభాగం ఆకారంలో కత్తిరించి పెట్టి ఉంది. కుట్టు ఒరుసుకోకుండా అంచులన్నీ లోపలికి మడిచి ఉన్నాయి.

*

కొండబడి సామాను గదిలో తడిసిన ఊలు వాసన, రబ్బరు వాసన, కలరా ఉండల వాసన కలిసి ఉంటాయి. పిట్ట గుమ్మంలో నిలబడి ఒకసారి నిండుగా పీల్చింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మందుల వాసన కింద ఈ వాసన కోసమే ముక్కు వెతుక్కునేది.

ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. సామాను గది చూసుకునే ముసలాయన్ని అందరూ స్టోరు బాబాయ్ అంటారు. ఒక్కొక్కరి పాదం వంక చూసి అలమారలోంచి బూట్లు తీసి బల్ల మీద పెడుతున్నాడు. మంచు మీద తొడుక్కునే బూట్లు అవి. బయట గట్టి తొడుగు, లోపల మెత్తటి తొడుగు, చెక్కలా వంగని అడుగు. ఆ అడుగుకే ఇనుప ముళ్లు బిగించుకుని మంచు మీద నడుస్తారు. పిల్లలు వాటిని చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని పోతున్నారు.

"పిట్టమ్మా!" అన్నాడు స్టోరు బాబాయ్. ఆమె కళ్ల వంక చూశాడు. తర్వాత కాలి వంక చూడకుండా ఉండడానికి అలమార వైపు తిరిగాడు. "రా తల్లీ, రా. స్టూలుంది చూడు, కూర్చో."

వరస చివర్లో ఒక పిల్ల ఉంది. గుండ్రటి మొహం, కత్తిరించిన జుట్టు. బఠాణీ అని పిలుస్తున్నారు ఆ పిల్లని. బల్ల దగ్గరికి వచ్చేసరికి చిన్నవాటిలో మిగిలింది ఒకే జత.

"ఇవే చిన్నవి," అన్నాడు బాబాయ్. "ఇంతకంటే లేవు."

బఠాణీ కింద కూర్చుని తొడుక్కుంది. లేచి నాలుగడుగులు వేసింది. బూటు ఒకసారి, బూటులో పాదం ఒకసారి, అడుగుకు రెండు చప్పుళ్లు వచ్చాయి. పిల్లలంతా విరగబడి నవ్వారు. బఠాణీ కూడా నవ్వింది. కావాలని ఇంకాస్త గట్టిగా చప్పుడు చేస్తూ గది చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. అందరి నవ్వూ అయ్యాక, ఎవరూ చూడని మూలకు పోయి, మెడకు చుట్టుకున్న గుడ్డ విప్పి, రెండు ముక్కలుగా చింపి, బూట్ల ముక్కుల్లో కూరుకుంది. తర్వాత సాక్సుల మీద సాక్సులు తొడిగింది. పళ్లు బిగించి పాదం లోపలికి తోసింది. ఈసారి చప్పుడు రాలేదు. బఠాణీ మొహం వెలిగిపోయింది.

పిట్ట స్టూలు మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్," అంది నెమ్మదిగా, "ఇన్నాళ్లూ ఆడపిల్లల సైజులు రాలేదా?"

"మగపిల్లల బ్యాచీలకని తెప్పించినవే అందరికీ తిప్పుతున్నాం. నేను పైకి చెప్తూనే ఉన్నా. 'సర్దుకుంటారు, మేం సర్దుకోలేదా' అంటుంది పెద్దక్క. సర్దుకుంటున్నారు కూడాను. ఎవరూ నోరు తెరవరు కదమ్మా. తెరిస్తే వెనక్కి పంపేస్తారని భయం."

"నేను తెరిచాను."

"నువ్వు తెరిచావు. నేనిక్కడే ఉన్నాను," అన్నాడు బాబాయ్. అని, అలమార తలుపులు వేశాడు.

*

హాల్లో పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. ఒక పక్కన ఎత్తుగా చెక్కగోడ, దాని మీద పట్టుకోవడానికి రంగురంగుల ముక్కలు. ఇంకో పక్క నేల మీద ఏటవాలుగా నిలబెట్టిన పెద్ద చెక్క. వాలు మీద అడుగు వేయడం నేర్పేది దాని మీదే. పెద్దక్క వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

పిట్ట మాట్లాడ్డానికి లేచింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. బావ బస్సులో వెనక సీట్లో కూర్చుని పెదవులు కదుపుతూ వల్లించుకుంది కూడా. జాగ్రత్తగా ఉండండి. పాదాలు పొడిగా ఉంచుకోండి. తిమ్మిరెక్కితే ఆగి చెప్పండి. అన్నీ నిజమే. ఏదీ అబద్ధం కాదు. అవి చెప్పి కూర్చుంటే, రేపట్నుంచి ఆ కిటికీ పక్క గది తనది.

ముందు వరసలో బఠాణీ తనకిచ్చిన బూట్లు తొడుక్కునే కూర్చుంది. విప్పడానికి మనసొప్పక.

"అందరూ బూట్లు తొడుక్కోండి," అంది పిట్ట.

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. తొడుక్కున్నారు.

"లోపల ఏమైనా కూరుకుని ఉంటే తీసేయండి. సాక్సులు ఒక్క జతే. ఏం కాదు, తీయండి. ఇప్పుడు ఒక్కొక్కరే ఈ చెక్క ఎక్కి, దిగండి. పరిగెత్తొద్దు. దిగేటప్పుడు వేళ్లకి ఏమవుతోందో చూసుకోండి. అంతే."

ఎక్కారు. దిగారు. పొడుగుపాటి పిల్లలు మామూలుగా దిగి వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఒకరు దిగుతూ దిగుతూ ఆగారు. ఇంకొకరు పెదవి కొరుక్కున్నారు. బఠాణీ పైదాకా బాగానే వెళ్లింది. దిగేటప్పుడు మొదటి అడుగుకే పాదం బూటులో ముందుకు జారి టక్కున కొట్టుకుంది. మొహంలో ఏమీ కనబడనివ్వకుండా కిందిదాకా దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పిట్ట చాప మీద కూర్చుని ఎడమ బూటు తాళ్లు విప్పింది. అక్క కుట్టిన ఊలు ముక్క తీసి పక్కన పెట్టింది. సాక్సు లాగింది. పాదం ముందుకు చాపింది. వేళ్లుండాల్సిన చోట గులాబి రంగు చర్మం నున్నగా, మొద్దుగా ముగిసింది. ఒక పిల్ల చూపు పక్కకు తిప్పుకుంది.

"చూడండి. పర్లేదు, చూడండి," అంది పిట్ట. "పైకి వెళ్లేటప్పుడు నాకేం తెలీలేదు. పైన నిలబడ్డాను. చాలా బాగుంది. నిలబడ్డానన్నది నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు. దిగేటప్పుడు తెలిసింది. అడుగు వేస్తే పాదం ముందుకు జారేది. వేళ్లు వెళ్లి బూటు ముక్కుకి గుద్దుకునేవి. ప్రతి అడుగుకీ. వదులు తగ్గడానికని సాక్సుల మీద సాక్సులు వేసుకున్నాను కదా, మడమ దగ్గర బిగిసిపోయి రక్తం ఆడలేదు, వేళ్ల దగ్గరేమో ఖాళీ, ఆ ఖాళీ నిండా చలి. సాయంత్రమయ్యేసరికి నొప్పి తగ్గింది. నొప్పి తగ్గిందని సంతోషించాను నేను."

పిట్ట సాక్సు మళ్లీ తొడుక్కుంది.

"నేను నిర్లక్ష్యం చేయలేదు. బయల్దేరకముందే అడిగాను. చిన్న బూట్లు కావాలని అడిగాను."

"చాలు," అంది వెనకనుంచి పెద్దక్క.

*

ఆఫీసు గదిలో పెద్దక్క కూర్చోలేదు, పిట్టను కూర్చోమనలేదు.

"రేపు పొద్దున్న లారీ ఎక్కే పిల్లల గుండెల్లో భయం పోశావు."

"భయం కాదు పెద్దక్కా. వాళ్ల కాళ్ల సంగతి వాళ్లకి తెలిసింది."

"మేమెక్కలేదా? ఇవే బూట్లు. ఇంతకంటే అధ్వాన్నమైనవి! మాకెవరైనా కొలతలు తీసి కుట్టించారా? నోరు మూసుకుని ఎక్కాం. ఏడిస్తే ఆడదానివి పో అంటారని ఏడవకుండా ఎక్కాం. మా తర్వాత మీకు దారి పడింది. ఆ ఓర్పు మీకు లేకపోతే దానికి బూట్లని అంటే ఎలా?"

పిట్ట తల ఎత్తి ఆమె వంక చూసింది. అంత పొడుగు మనిషి. గోడకు ఉన్న పాత ఫొటోలో మగవాళ్ల భుజాలకు భుజం సమంగా నిలబడి ఉంది. పిట్ట చూపు ఫొటోలోని ఆమె మొహం దగ్గర ఆగలేదు. కిందికి జారి పాదాల దగ్గర ఆగింది.

"ఓర్పు మీకుంది పెద్దక్కా. కాదనను," అంది. "కానీ మీ కాలు ఆ బూటుకి సరిపోయింది."

పెద్దక్క కిటికీ వైపు తిరిగింది.

"సరే," అంది చివరికి. "నువ్వు చెప్పేదే నిజమనుకుందాం. బూట్లు పట్టని వాళ్లని పంపడం తప్పు. పంపను. సరిపోయినవాళ్లు వెళ్తారు. మిగతావాళ్లు ఇళ్లకి పోతారు. సరేనా?"

"అది కాదు నేనన్నది..."

"నువ్వన్నది అదే. వెళ్లి పడుకో. నీకు విశ్రాంతి కావాలి. పాఠాల సంగతి తర్వాత ఎప్పుడైనా చూద్దాం."

ఆ 'తర్వాత ఎప్పుడైనా' అన్నది ఎప్పటికీ రాదని పిట్టకు అర్థమైంది. అందుకు ఆమె దిగులుపడలేదు. కాళ్లీడ్చుకుంటూ వరండాలోకి వచ్చేసరికి, మెట్ల మీద బఠాణీ కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బూట్లు పక్కన పెట్టుకుని వాటి మీద చెయ్యి వేసుకుని ఉంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"అక్కా, మీకు నేనేం చేశాను?" అంది.

పిట్ట ఆమె పక్కన చతికిలబడింది.

"గుడ్డలు కూరుకుంటే సరిపోయింది నాకు. సరిపోయింది! మీరు తీయించారు. ఇప్పుడు నా పేరు కొట్టేశారు. మా ఇంట్లో ఎంత గొడవపడి వచ్చానో తెలుసా మీకు? 'నాలుగు రోజులకి తోక ముడుచుకుని వస్తుంది చూడండి' అన్నాడు మా అన్నయ్య. వాడి ముందుకి ఏ మొహం పెట్టుకుని పోను?"

"బఠాణీ..."

"వేళ్లు పోతే నావి పోతాయి. మీకెందుకు?"

ఆ పిల్ల బూట్లు గుండెలకు హత్తుకుని లేచి వెళ్లిపోయింది. ఎవరైనా తననూ ఇలాగే ఆపి ఉంటే, సరిగ్గా అలాగే లేచి వెళ్లి ఉండేది పిట్ట. అడగడం అడిగింది గానీ, లేవని తేలాక ఆగిపోయిందా? ఆ బూట్లలోనే వెళ్లింది. ఇన్నాళ్లూ ఆగి ఉండాల్సిందని తనను తను తిట్టుకుంది. ఇప్పుడు ఆ మెట్ల మీద కూర్చుని, ఆగమనడం ఒక్కటే సరిపోదని ఆమెకు తెలిసింది. తను చేసిందల్లా చిన్న పాదాలున్న పిల్లలందరినీ తలుపు బయటికి నడిపించడమే అయింది.

*

తెల్లవారి పిట్ట బయటికి వచ్చేసరికి లారీలో సామాను సగం పైన ఎక్కి ఉంది. తాళ్ల చుట్టలు, గుడారాల మూటలు, వంట సామాను. ఇంజన్ ఆపి ఉంది. వెళ్లేవాళ్లు ఒక పక్కన, ఆగిపోయేవాళ్లు ఇంకో పక్కన నిలబడి ఉన్నారు. ఇటువాళ్లు అటు చూడడం లేదు. బఠాణీ తన సంచీ మీద కూర్చుని నేల వంక చూస్తోంది.

"పెద్దక్క ఏది?" అడిగింది పిట్ట.

"అదే తెలీడం లేదు," అన్నాడు స్టోరు బాబాయ్. ఆమెను కొంచెం పక్కకు పిలిచాడు. "పొద్దున్నే తలుపు కొట్టింది. అలమారలో అన్నిటికంటే పెద్ద బూట్లు తీయమంది. మన పొడుగు కోచ్ సారు తొడుక్కునేవి. మీకెందుకండీ అంటే, ఇవ్వవయ్యా అని కసిరింది. ఇంకో రెండు జతల సాక్సులు కూడా పట్టుకుంది. అదుగో, అటు పోయింది," అంటూ బడి వెనక ఉన్న వాలు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

ఆ వాలు మీద గులకరాళ్లూ గడ్డీ తప్ప ఏమీ లేవు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠాలు అక్కడే. పిట్ట దాని కింద నిలబడి పైకి చూసింది. ఆ వాలు మీద పరిగెత్తుకుంటూ ఎక్కేది ఒకప్పుడు. ఇప్పుడు కుడికాలు ముందు వేసి, ఎడమకాలు దాని పక్కకు చేర్చి, అరచేతులు రాళ్ల మీద ఆనించి, పక్కవాటుగా ఎక్కడం మొదలుపెట్టింది. కాస్త ఎక్కి ఊపిరి తీసుకుంది. మళ్లీ ఎక్కింది. వాలు మీద కాలు పెట్టడం ఆస్పత్రి తర్వాత అదే మొదలని, సగం దూరం వచ్చాక గానీ ఆమెకు తోచలేదు.

అక్కడ పెద్దక్క కనబడింది. దిగుతోంది. రాయి మీద అడుగు వేసింది, ఆగింది, పెదవులు బిగించింది, మళ్లీ వేసింది. దిగే దారి పొడుగునా గులకరాళ్లు పక్కకు జరిగి గాడి పడింది. ఒకసారి దిగితే పడే గాడి కాదు అది. పిట్టను చూసి పెద్దక్క నిలబడిపోయింది. తర్వాత అక్కడికక్కడే ఒక రాయి మీద కూలబడింది.

పిట్ట వెళ్లి పక్కన కూర్చుంది. కింద లారీ అగ్గిపెట్టెలా కనబడుతోంది.

"ఎక్కేటప్పుడు ఏం తెలీడం లేదు," అంది పెద్దక్క.

"తెలీదు."

పెద్దక్క వంగి బూటు తాళ్లు విప్పింది. బయటి తొడుగు, లోపలి తొడుగు, ఒకదాని మీద ఒకటి సాక్సులు, అన్నీ తీసింది. బొటనవేలి గోరు కింద అప్పటికే నల్లగా రక్తం గూడుకట్టింది. దాన్ని ఎవరిదో పాదాన్ని చూసినట్టు చూసింది.

"మంచు లేదు. బరువు లేదు. రోజంతా నడవలేదు," అంది. "నువ్వు అడిగానన్నావు. నాకు గుర్తు రాలేదు. నిన్నట్నుంచి వెతుక్కుంటున్నాను, ఎంత వెతికినా లేదు. నువ్వు అబద్ధం చెప్పవు. అడిగినప్పుడు నేనేం చేశాను?"

ఈ ప్రశ్న కోసం పిట్ట ఆస్పత్రి మంచం మీద ఎన్ని జవాబులు నూరి పెట్టుకుందో. ఇప్పుడు ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.

"నవ్వారు," అంది. "'పిట్టకాళ్లకి బూట్లు నేనెక్కడ తేను, బొమ్మల కొట్లో అడగాలి' అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు."

పెద్దక్క కళ్లు మూసుకుంది.

"నేనూ నవ్వాను," అంది పిట్ట.

గాలికి గడ్డి ఒక పక్కకు ఒరిగి మళ్లీ లేచింది. పెద్దక్క చేయి వచ్చి పిట్ట మోకాలి మీద ఆగింది. క్షమించమని ఆమె అనలేదు. ఆ మాట ఆమె నోట ఎవరూ ఎన్నడూ విని ఉండరు. కానీ ఆ చేయి చాలాసేపు అక్కడే ఉంది. పిట్ట దాన్ని తీసేయలేదు.

దిగేటప్పుడు పెద్దక్క ఆ బూట్లు మళ్లీ తొడుక్కోలేదు. రెండోదీ విప్పి, తాళ్లు ముడివేసి మెడలో వేసుకుని, సాక్సులతోనే దిగింది. గులకరాళ్లు గుచ్చుకున్నప్పుడల్లా పిట్ట భుజం పట్టుకుంది. పిట్ట ఎడమకాలు జారినప్పుడల్లా ఆమె రెక్క పట్టుకుని ఆపింది. అంత పొడుగు మనిషీ ఇంత పొట్టి మనిషీ ఒకళ్ల మీద ఒకళ్లు ఒరిగి దిగిరావడం కింద ఉన్నవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూశారు.

"సామాను దించండి," అంది పెద్దక్క లారీ దగ్గరికి వచ్చి.

ఎవరూ కదల్లేదు. విన్నది సరిగా విన్నామో లేదోనని డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"చెవులు పనిచేయడం లేదా? దించమన్నాను. అందరి కాళ్లకీ సరిపోయే బూట్లు వచ్చాకే ఈ లారీ కదిలేది. అప్పుడు అందరూ ఎక్కుతారు. ఇటువాళ్లూ అటువాళ్లూ అని లేదు."

"అప్పటికి మంచు పడి దారి మూసుకుపోతుందేమో పెద్దక్కా," అంది పొడుగుపాటి పిల్ల ఒకత్తె, కాస్త భయంగా.

"మూసుకుపోతే ఇంకో కొండ చూసుకుందాం. కొండలకేం కరువు?" ఆమె ఆగింది. తర్వాత మాట కోసం తడుముకోవడం అందరికీ కనబడింది. "పిట్ట బూట్లు అడిగింది. బయల్దేరకముందే అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. తప్పు దాని కాలిది కాదు. ఇది అందరూ విన్నారా? విన్నారు కదా. కొత్తవి వచ్చాక, ఎవరికి పట్టాయో ఎవరికి పట్టలేదో వాలు మీద నడిపించి చూసేది పిట్టే. అది సరే అనేదాకా ఎవరి కాలూ గేటు దాటదు. నా కాలు కూడా."

చెప్పి, సాక్సు కాళ్లతోనే ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె గొంతు ఫోనులో ఎవరినో గట్టిగా కసురుతూ బయటికి వినబడింది.

బఠాణీ సంచీ మీంచి లేచింది. పిట్ట వైపు ఒక అడుగు వేసింది, ఆగింది. ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. "అక్కా, నిన్న నేను..." అంది.

"ముందు సామాను సంగతి చూడు," అంది పిట్ట.

పిల్లలు లారీ దగ్గర్నుంచి సామాను గది దాకా వరసగా నిలబడ్డారు. పైనున్నవాళ్లు మూటలు అందిస్తుంటే చేతుల మీదుగా ఒకళ్ల నుంచి ఒకళ్లకు పోతున్నాయి. బఠాణీ పక్కన ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది. పిట్ట వెళ్లి అందులో నిలబడింది. తాళ్ల చుట్ట ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆమె చేతుల్లో పడింది. బరువంతా ఎడమకాలి మీదికి వచ్చింది. కాలు కొంచెం వణికింది. నిలబడింది. ఆమె చుట్టను పక్కవాళ్లకు అందించి, మళ్లీ ఇటు తిరిగి చేతులు చాపింది.